దోమపిల్లలపై సుగంధ తైలాలు పనిచేస్తాయా?

పెన్నానది ఒడ్డున ఉన్న ప్రొద్దుటూరు, జమ్మలమడుగులలోను, చీనీతోటల పులివెందులలోను వేసవి నీటి విలువ వేరుగా చెప్పనక్కరలేదు. తొట్టిలో దోమపిల్లలు కనిపించగానే నీరంతా పారబోయమనడానికి వైద్యునిగా నాకు మనసొప్పదు. అలాగని ఉపేక్షించనూ రాదు. మలేరియా క్రిమి దోమ కడుపులో పెరుగుతుందని 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ కనుగొన్నది మన సికింద్రాబాదులోనే. డెంగ్యూను మోసే దోమ అయితే ఇంట్లో నిలవచేసిన మంచినీటిలోనే గుడ్లు పెడుతుంది. ఆ గుడ్డు రెక్కల దోమ కావడానికి వారం, పది రోజులు చాలు.

"తులసి తైలమో, నీలగిరి తైలమో నాలుగు చుక్కలు వేస్తే చాలదా?" అని పలువురు నన్ను అడుగుతుంటారు. సుశ్రుతుడు సురసాది గణంలో తులసిని క్రిమిహరంగా చెప్పిన మాట నిజమే. కాని అది దేహచికిత్సకు చెప్పినది. నేటి ప్రయోగశాలలలో గిన్నెకు 25 దోమపిల్లల చొప్పున వేసి, తైలం కలిపి, 24 గంటల తరువాత చచ్చినవాటిని లెక్కిస్తారు. తులసిలోని యూజినాల్, చీనీతొక్కలోని లిమోనీన్ వంటివి ఈ పరీక్షలలో దోమపిల్లలను చంపగలవని తేలింది.

అయితే గిన్నె వేరు, తొట్టి వేరు. సుగంధ తైలం నీటిలో కరగదు, త్వరగా ఆవిరైపోతుంది. అందుచేత దాని బలం ఎక్కువ కాలం నిలువదు. పైగా చేపలకు హాని చేయవచ్చు. కనుక త్రాగే నీటిలో, వంట నీటిలో, పశువులు త్రాగే తొట్టిలో ఏ తైలమూ వేయరాదు.

వాడుకకు పనికిరాని మురుగు గుంటలకు వేపనూనె మేలు. అది సుగంధ తైలంవలె ఎగిరిపోదు. కుంకుడు రసంలో బాగా గిలకొట్టి పోస్తే నీటిలో కలుస్తుంది. వారం వారం మరల పోయవలెను.

మంచినీటికి మాత్రం నేను చెప్పే ఉపాయం ఇది. వారానికొకసారి నీటిని దళసరి గుడ్డతో వడగట్టి వేరే పాత్రలోనికి మార్చండి. గుడ్డలో మిగిలిన పిల్లలను ఎండలో ఆరబెట్టండి. ఖాళీ తొట్టి గోడలను పీచుతో గట్టిగా రుద్దండి. గోడకంటిన గుడ్లు నీరు లేకున్నా నెలల తరబడి బ్రతికి ఉంటాయి. తరువాత నీరు నింపి, సందు లేకుండా మూతగాని గుడ్డగాని కట్టండి. ఒక్క బిందె నీరైనా వృథా కాదు.

ఇంతచేసినా ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే కషాయాలతో కాలయాపన చేయక, వెంటనే రక్తపరీక్ష చేయించండి.