టెయిల్‌గేట్ విందు: పిలిచినవారి బాధ్యత ఎంతవరకు?

అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ ఉన్న రోజు, ఆటకు నాలుగైదు గంటల ముందే స్టేడియం పార్కింగ్ స్థలాల్లో సందడి మొదలవుతుంది. పికప్ ట్రక్కు వెనక తలుపును కిందికి దించి బల్లలా వాడుకుంటూ, పక్కన గ్రిల్ వెలిగించి, ఐస్‌పెట్టె నిండా బీర్లు పెట్టుకుని అభిమానులు చేసుకునే ఈ విందునే టెయిల్‌గేట్ పార్టీ అంటారు. గ్రీన్ బేలోని లాంబో ఫీల్డ్, కాన్సస్ సిటీలోని యారోహెడ్ స్టేడియం ఇందుకు పేరుపడ్డాయి. విశ్వవిద్యాలయాల జట్లు ఆడే రోజుల్లోనూ ఇదే హడావుడి. అక్కడ చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న తెలుగువారు కూడా నలుగురినీ పోగుచేసి, ఇంటి నుంచి బిర్యానీ కట్టుకెళ్లి ఈ సరదాలో పాలుపంచుకుంటున్నారు. నిప్పు, మద్యం, తిరుగు ప్రయాణం మూడూ కలిసిన విందు ఇది. ఏదైనా జరిగితే పోలీసులు, లాయర్లు మొదట అడిగేది ఏర్పాట్లు చేసినవారినే.

ప్రతి స్టేడియానికీ సొంత నిబంధనలు ఉంటాయి. గేట్లు ఎప్పుడు తెరుస్తారు, ఒక్కో బండికి ఎంత చోటు, బొగ్గుల గ్రిల్‌ను అనుమతిస్తారా, గాజు సీసాలు తేవచ్చా అన్నవి ముందే చూసుకోవాలి. ఒక మైదానంలో చెల్లిన పని పక్క ఊళ్లో చెల్లకపోవచ్చు.

ఆట టైమ్ అయిందన్న తొందరలో నిప్పుతో ప్రమాదాలు జరగవచ్చు. 2013 సెప్టెంబరులో మయామీలో డాల్ఫిన్స్ జట్టు ఆడుతుండగా స్టేడియం పార్కింగ్‌లో పలు కార్లు తగలబడ్డాయి. కారు కింద వదిలేసిన వేడి గ్రిల్ వల్లే మంటలు లేచాయని తేలింది. పైన బూడిద కమ్మిన బొగ్గు చల్లారినట్టే కనిపిస్తుంది కానీ లోపల గంటల తరబడి రగులుతూనే ఉంటుంది. దాన్ని నీళ్లతో పూర్తిగా తడిపి, కలిపి, మూత ఉన్న ఇనుప డబ్బాలోనో, స్టేడియం వాళ్లు బొగ్గుల కోసం పెట్టిన తొట్టిలోనో వేయాలి. గ్యాస్ గ్రిల్ అయితే వెలిగించే ముందు గొట్టానికి, బిగింపుల దగ్గర సబ్బునీళ్లు రాయాలి. బుడగలు వస్తే గ్యాస్ లీకవుతున్నట్టే. మూత తెరిచాకే వెలిగించాలి. మూసి ఉంచితే లోపల చేరిన గ్యాస్ ఒక్కసారిగా భగ్గుమంటుంది. చేతికందేలా మంటలార్పే సిలిండర్ ఒకటి తప్పనిసరి.

వాన వస్తోందనో, చలిగా ఉందనో గ్రిల్‌ను టెంట్‌లోకో వ్యాన్‌లోకో జరపడం ప్రాణాంతకం. బొగ్గుల నుంచీ జనరేటర్ నుంచీ వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. మనిషి నిద్రలోకి జారినట్టే ప్రాణం పోతుంది. జనరేటర్‌ను తలుపులకు, కిటికీలకు కనీసం 20 అడుగుల దూరంలో పెట్టాలి.

తిండి విషయంలో గడియారాన్ని నమ్మాలి. వండినవి బయట రెండు గంటలకు మించి ఉంచకూడదు. ఎండ 32 డిగ్రీల సెల్సియస్ దాటితే గంటే గడువు. ఇది బిర్యానీకీ వర్తిస్తుంది. కోడిమాంసం లోపలి వేడి 74 డిగ్రీలకు చేరాలి. రంగు చూసి ఉడికిందనుకోవడం సరికాదు, థర్మామీటర్ గుచ్చి చూడాలి.

అన్నిటికన్నా చిక్కైనది మద్యం. మిన్నెసోటా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆటలు చూసి బయటికొస్తున్న 362 మందికి శ్వాస పరీక్షలు చేసి 2011లో ఫలితాలు ప్రచురించారు. దాదాపు 8 శాతం మంది చట్టం ఒప్పుకునే హద్దు దాటి తాగి ఉన్నారు. టెయిల్‌గేట్‌లో పాల్గొన్నవారు అలా దొరికే అవకాశం మిగతావారికన్నా 14 రెట్లు ఎక్కువని తేలింది. చాలా రాష్ట్రాల్లో డ్రైవరు రక్తంలో ఆల్కహాల్ హద్దు 0.08 శాతం, యూటాలో 0.05. శరీరం గంటకు సుమారు ఒక డ్రింకును, అంటే 355 మిల్లీలీటర్ల మామూలు బీరును మాత్రమే అరిగించుకోగలదు. కాఫీ తాగినా, ముఖం కడిగినా ఆ వేగం పెరగదు.

పిలిచి పోసినవారి బాధ్యతపై రాష్ట్రానికో చట్టం ఉంది. న్యూజెర్సీలో ఒకరి ఇంట్లో తాగి కారు నడిపిన అతిథి ఎదురుగా వస్తున్న మహిళ కారును ఢీకొన్నాడు. ఆమెకు జరిగిన నష్టానికి మద్యం పోసిన గృహస్థు కూడా బాధ్యుడేనని ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 1984లో తీర్పు చెప్పింది. మత్తు స్పష్టంగా కనబడుతున్నవారికి మళ్లీ పోస్తేనే ఆ బాధ్యత అని తరవాత శాసనం చేశారు. కాలిఫోర్నియాలో పెద్దవాళ్లకు పోసినవారిపై ఇలాంటి దావా సాధారణంగా నిలవదు. 21 ఏళ్లు నిండనివారి సంగతి పూర్తిగా వేరు. వాళ్లకు పోయడం క్రిమినల్ నేరం. మసాచుసెట్స్‌లో 2,000 డాలర్ల వరకు జరిమానా, ఏడాది వరకు జైలు పడవచ్చు. విద్యార్థులున్న చోట గుర్తింపు కార్డు అడగడం మర్యాదకు భంగం కాదు, అడగాల్సిందే.

తెలుగు కుర్రాళ్లు తరచుగా పట్టించుకోని విషయం ఇంకొకటి ఉంది. ఖర్చులు పంచుకుందామని తలా ఇంత అని వసూలు చేసి మద్యం పోస్తే, చాలా రాష్ట్రాల్లో దాన్ని లైసెన్సు లేని అమ్మకంగా లెక్కగట్టే ప్రమాదం ఉంది. ఎవరి సీసా వాళ్లు తెచ్చుకోవడం మేలు.

ఎవరు నడపాలో మొదటి సీసా మూత తీయకముందే తేలాలి. తాగనివారి చేతికి తాళాలిచ్చి, మిగతావారికి క్యాబ్ ఖర్చు విందు ఖర్చుల్లోనే కలపాలి. మద్యం పంచడం ఆట మొదలవడానికి గంట ముందే ఆపేయాలి. సగం తాగిన సీసా కారులో పెట్టుకు బయల్దేరితే చాలా రాష్ట్రాల్లో అదే ఒక కేసు. మిగిలినవి డిక్కీలోకి చేర్చాలి.

వీసా మీద ఉన్నవారికి ముప్పు మరింత పెద్దది. తాగి నడిపి అరెస్టయితే కోర్టులో నేరం రుజువు కాకముందే అమెరికా విదేశాంగ శాఖ వీసాను రద్దు చేయవచ్చు. ఒక్క మధ్యాహ్నం సరదా ఏళ్ల చదువునూ ఉద్యోగాన్నీ చిక్కుల్లో పడేస్తుంది.

ఎవరైనా తాగి స్పృహ తప్పితే, పిలిచినా పలకకపోతే, ఊపిరి నెమ్మదిస్తే పడుకోనిస్తే తేరుకుంటాడని వదిలేయకూడదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి వెంటనే 911కు ఫోన్ చేయాలి. సాయం కోసం ఫోన్ చేసినవారిపైనా, తాగి పడిపోయినవారిపైనా వయసు నిండకుండా తాగారన్న కేసు పెట్టకుండా చాలా రాష్ట్రాల చట్టాలు రక్షణ ఇస్తున్నాయి. కేసు భయంతో ఫోన్ చేయడం ఆలస్యం చేయొద్దు.