ముప్పది దినములలో నవల

మన ఇండ్లలో కథ చెప్పనేరని స్త్రీ అరుదు. బిడ్డకు అన్నము తినిపించుచు రాజును, రాక్షసుని, ఏడు సముద్రములను క్షణములో కల్పించును. పెండ్లికి పోయివచ్చి అక్కడి సంగతులు చెప్పుచుండిన, వినువారు లేవలేరు. అయినను కాగితము చేతబట్టునది నూటికొక్కతె. పట్టినవారిలో నూరు పుటలు దాటువారు మఱియు తక్కువ. మూడవ ప్రకరణముతో ఆగిపోయిన నోటుపుస్తకమును చీరల పెట్టె యడుగున దాచుకొన్న సోదరీమణులు ఉదయగిరిలోను ఆత్మకూరులోను తప్పక యుందురని నా నమ్మకము. ఈ నాలుగు మాటలు ముఖ్యముగా వారి కొఱకు.

అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతమున 1999 జూలై నెలలో క్రిస్ బాటీ యను యువకుడును అతని మిత్రులును, మొత్తము 21 మంది, యొక విచిత్రమైన పందెము వేసికొనిరి. ఒక్క నెలలో ఒక్కొక్కరు ఏబదివేల మాటల నవల వ్రాయవలెను. బాగుండవలెనను నియమము లేదు, ముగియవలెననునదే నియమము. ఆఱుగురు గమ్యము చేరిరి. మఱుసటి సంవత్సరము దానిని నవంబరునకు మార్చిరి. బయట వాతావరణము బాగుండదు గనుక ఇంట కూర్చుండి వ్రాయుటకు అనువని వారి యూహ. ఆ యేడు 140 మంది చేరిరి; 2001లో అయిదువేల మంది వచ్చిపడిరి. 2022 నాటికి లోకమంతటను నాలుగు లక్షలకు పైబడినవారు ఆ నెలలో కలము పట్టుచుండిరి. జాతీయ నవలారచనా మాసమని దానికి పేరు. ఆంగ్లాక్షరములను ముద్ద చేసి నానోరైమో యని పిలిచికొనెడివారు.

దాని పద్ధతి మన గృహిణులకు సులభముగా బోధపడును, ఏలయనగా అది నోము వంటిది. నిర్ణీత దినమున ఆరంభము, నిర్ణీత దినమున ఉద్యాపనము, నడుమ ప్రతిదినము ఇంతయని లెక్క. దినమునకు 1,667 మాటలు వ్రాసిన ముప్పదవ నాటికి ఏబదివేలగును. న్యాయనిర్ణేత లెవ్వరును లేరు. వ్రాసినది ఎవ్వరును చదువరు. లెక్క తేలినవారందఱును గెలిచినవారే. ఊరూర స్వచ్ఛందముగా పనిచేయువారొకరు ముందునకు వచ్చి, కాఫీ అంగడిలోనో గ్రంథాలయములోనో తక్కినవారిని కూర్చుండబెట్టి వ్రాయించెడివారు. పావుగంట గడియారము పెట్టి, మాటలాడక అందఱును కలము సాగించి, గంట కొట్టగానే ఎవరెన్ని మాటలు వ్రాసిరో చెప్పుకొనుట అక్కడి యాట. వెనుకకు తిరిగి దిద్దుట నిషేధము. ఈ చివరి నియమమే అన్నిటికంటె కఠినమైనది. ముగ్గు వంకరపోయిన చెరిపి మరల వేయు అలవాటు గలవారము మనము; వంకర వాక్యమును అట్లే విడిచి ముందునకు పోవుట మనకు ప్రాణసంకటము.

ఇట్టి తొందర వ్రాతవలన మంచి పుస్తకములు పుట్టునా యని పెద్దలు ప్రశ్నింతురు. సారా గ్రూయెన్ వ్రాసి 2006లో ప్రకటించిన వాటర్ ఫర్ ఎలిఫెంట్స్, ఎరిన్ మోర్గెన్‌స్టెర్న్ వ్రాసి 2011లో ప్రకటించిన ది నైట్ సర్కస్, ఈ రెండును ఆ మాసమున చిత్తుప్రతులుగా పుట్టి, పిమ్మట చాలకాలము దిద్దబడి, లక్షల పాఠకులను చేరినవి. ఈ రెండును స్త్రీలు వ్రాసినవే. అయితే చేరినవారిలో అధికసంఖ్యాకులు నెల ముగియకముందే ఆగిపోయిరి. ముగించినవారిలోను అచ్చునకు పోయినవారు కొలది మంది మాత్రమే. అచ్చు కొఱకే యైనచో నేనీ పని యెవరికిని చెప్పను.

నెల దినములలో నవల యనగా నవ్వువారికి మన తెలుగుదేశపు సంగతి యొకటి గుర్తుచేయవలెను. నవలల పోటీలు మనకు క్రొత్తవి కావు. చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి రామచంద్రవిజయము 1894లో చింతామణి పత్రిక పోటీలో బహుమానము పొందినది. తరువాత 1934లో ఆంధ్ర విశ్వవిద్యాలయము వారు నవలల పోటీ పెట్టగా విశ్వనాథ సత్యనారాయణగారి వేయిపడగలు, అడవి బాపిరాజుగారి నారాయణరావు బహుమానమును చెఱిసగము పంచుకొన్నవి. వేయిపడగలు ఎంత పెద్ద గ్రంథమో చదువరు లెఱుగుదురు. అంతటి గ్రంథమును విశ్వనాథవారు తమ తమ్ముడు వేంకటేశ్వర్లుగారికి చెప్పుచు 29 దినములలో వ్రాయించిరని ప్రసిద్ధి. అమెరికావారి కంటె మనవారొక దినము తక్కువలోనే ముగించిరి! ఆ 29 దినములును ఆ యింట పొయ్యి యెవరు వెలిగించిరో, వేళకు మజ్జిగ యెవరు అందించిరో సాహిత్యచరిత్రలలో కానరాదు. నేను కొంటెగా అనుట లేదు. నవల వ్రాయుటకు ప్రతిభ కంటె ముందు కావలసినది మఱియొకరు కాచిపెట్టిన కాలము. ఆ కాలము పురుషునకు అడుగకయే దొరకినది; స్త్రీ అడిగియు, కొన్నిచోట్ల పోరాడియు సంపాదించుకొనవలసి యున్నది.

ఆత్మకూరులో నొక గృహిణి యున్నదనుకొందము. తెల్లవారుజామున అయిదింటికి లేచును. బిడ్డలను బడికి, భర్తను పనికి పంపుసరికి తొమ్మిది దాటును. బట్టలు, పాత్రలు, మధ్యాహ్నపు వంట, అత్తగారికి మందులు, నీళ్లు వచ్చు వేళకు బిందెలు. రెండింటి నుండి నాలుగింటి వరకు ఇల్లు సద్దుమణుగును. ఆమె వ్రాయదలచిన యెడల ఆ రెండు గంటలలో నొక గంటన్నర చాలును. చిక్కు కాలము లేకపోవుట కాదు. ఆ గంటన్నరను ఇంటివారు ఖాళీగా నున్న కాలముగా చూతురు, పిలిచిన పలుకవలెనందురు. కుట్టుమిషను ముందు కూర్చున్న స్త్రీని పని చేయుచున్నదందురు, కలము పట్టుకొన్న స్త్రీని ఊరక కూర్చున్నదందురు. ఈ యొక్క అభిప్రాయము మారినచో సగము నవల వ్రాసినట్లే. కావున ఆరంభమునకు ముందే ఇంటిల్లిపాదితో చెప్పుట మేలని నా మతము. దాచి వ్రాయుటలో కొంత తీపి యున్నది గాని, దాచినదానికి కాలమడుగుట కుదరదు. ‘అత్తయ్యా, ఈ నెల రెండింటినుండి మూడున్నరదాక నన్ను పిలువవద్దు, పిమ్మట మీ కాళ్లొత్తుచు ఏమి వ్రాసితినో చెప్పెదను’ అన్న కోడలికి ఏ అత్తగారు కాదనును? కాదన్నను, కథ వినవలెనను కుతూహలము రెండవ వారమునకు ఆమెను లొంగదీయును.

ఒంటరిగా వ్రాయుటకంటె నలుగురు కలసి వ్రాయుట యందలి బలము ఈ ప్రాంతపు స్త్రీలకు నేను చెప్పనక్కఱలేదు. ఉదయగిరికి తూర్పున కలిగిరి మండలములోని దూబగుంట సంగతి దేశమంతయు ఎఱుగును. జిల్లాలో 1990, 91 సంవత్సరములలో అక్షరాస్యతా ఉద్యమము సాగినప్పుడు, పగలెల్ల కూలి చేసి అలసిన స్త్రీలు రాత్రివేళ పలకలు పట్టి దీపము చుట్టు కూర్చుండిరి. వారి వాచకములో సీతమ్మ కథ యను పాఠముండెను. సారాయివలన సంసారము చెడిన ఆ కథలో తమ కథనే చూచికొని, అందఱును కలసి లేచి ఊరిలోని సారాయి దుకాణమును మూయించిరి. రోసమ్మగారి పేరు అప్పుడే ఊరు దాటినది. ఆ నిప్పు జిల్లా యంతట వ్యాపించి, 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమున సారాయి నిషేధింపబడుట వరకు పోయినది. ఆ స్త్రీలు తలకొక పలకతో ఎవరి గుడిసెలో వారు కూర్చుండిన యెడల అక్షరములు వచ్చియుండునేమో గాని దుకాణము మూతపడెడిది కాదు. నవల పని అంత పెద్దది కాదు. అయినను నలుగురు పొరుగువారు ఒకే వేళకు ఒకే వసారాలో కూర్చుండినచో, ఒకరు లేవబోయిన తక్కిన ముగ్గురు చూచు చూపే ఆమెను మరల కూర్చుండబెట్టును.

ఇక లెక్క సంగతి. ఏబదివేల మాటలనునది ఆంగ్లమునకు కట్టిన కొలత. దానిని మనము అట్లే ఎత్తుకొనరాదు. ‘వెళ్లలేకపోయినందువలన’ అని మనమొక్క మాటలో అనుదానికి ఆంగ్లమున అయిదాఱు మాటలు కావలెను. అదే కథ తెలుగున చెప్పిన మాటల సంఖ్య చాల తగ్గును. నన్నడిగిన యెడల తెలుగున ముప్పదివేల మాటలు చాలును. దినమునకు వేయి, పొడుగు నోటుపుస్తకములో సుమారు ఏడు పుటలు. నెలకు రెండువందల పుటల పుస్తకమొకటి నిండును. మాటలు లెక్కించుచు కూర్చుండుటకంటె పుటలు లెక్కించుట మనకు సుఖము. చేతివ్రాత నొప్పియైనవారు చేతిఫోనులో చెప్పి వ్రాయించుకొనవచ్చును, ఇప్పుడది తెలుగు విని తెలుగున వ్రాయుచున్నది. విశ్వనాథవారికి తమ్ముడుండెను, మనకు ఫోనున్నది. అది తప్పులు చాల వ్రాయును గాని, మజ్జిగ యడుగదు.

నవంబరు మాసమును మాత్రము నేనొప్పను. నవంబరనగా మనకు చాలవఱకు కార్తికము: తెల్లవారుజామున తలస్నానములు, దీపములు, ఉపవాసములు, వనభోజనములు. పైగా నెల్లూరు సీమకు అదే వానలకాలము, తుపానుల కాలము. ఇట్టి నెలలో నవల పెట్టుకొన్న స్త్రీ దేనికిని న్యాయము చేయజాలదు. ఆషాఢము చూడుడు! పెండ్లిండ్లు లేవు, గృహప్రవేశములు లేవు, చుట్టముల రాకపోకలు తక్కువ. క్రొత్త కోడండ్రు పుట్టిండ్లలో నుందురు. తల్లియు కూతురును కలసి వ్రాయుటకు ఇంతకంటె అనువైన నెల లేదు. శుభకార్యములకు పనికిరాదని పంచాంగము విడిచిపెట్టిన మాసమును మనము పుచ్చుకొందము.

ఏమి వ్రాయవలెనని చింతింపవలదు. ఉదయగిరి కొండమీది కోటను కృష్ణదేవరాయలు గజపతుల నుండి 1514లో గెలుచుకొన్నాడని పిల్లల పుస్తకములలో నున్నది. ముట్టడి నెలల తరబడి సాగుచుండగా కోటలోపలి స్త్రీలు ఏ నీళ్లతో గంజి కాచిరో ఏ పుస్తకములోను లేదు. ఆ యూరి కొయ్య చెంచాలు, గరిటెలు భౌగోళిక గుర్తింపు పొందినవి. చెంచా చెక్కు స్త్రీ చేతి కాయల కథ యింకను ఎవ్వరును వ్రాయలేదనుకొందును. ఆత్మకూరువారికి సోమశిల దాపుననే యున్నది. పెన్న నీరు నిలువగా మునిగిన ఊళ్లవారు తమ వాకిళ్లను, వేపచెట్లను నీటికి వదలి వచ్చిరి. నాటి యిల్లాండ్రు ఇప్పుడు ముసలివారైనారు. వారు చెప్పగలిగినప్పుడే విని వ్రాయవలెను. నెల్లూరి మాటతీరును సంకోచింపక వాడుడు. పాత్రలు మీ యింట మాటలాడునట్లే మాటలాడవలెను, పట్టణపు పత్రికలలో మాటలాడునట్లు కాదు.

ఒక్క జాగ్రత్త. మన వ్రాతలో మొదట ప్రవేశించువారు మన యింటివారే. ఆడపడుచు వచ్చును, తోడికోడలు వచ్చును, పాతకోపము లన్నియు వచ్చును. రానిండు; మొదటి ప్రతి మనకు మాత్రమే. పిమ్మట పేర్లు మార్చి, ఊరు మార్చి, ఆమె చీర రంగు కూడ మార్చవలెను. అత్తగారికి చెప్పునది కథ; చూపునది దిద్దిన ప్రతి.

ఇంతకును ఆ అమెరికా సంస్థ యిప్పుడు లేదు. పిల్లలు పాల్గొను చర్చావేదికలలో సంరక్షణ సరిగా లేదని 2023లో ఆరోపణలు వచ్చినవి. 2024లో, వ్రాయు యంత్రములను ఖండించుట పేదలకును అంగవైకల్యము గలవారికిని అన్యాయమను భావముతో ఆ సంస్థ ప్రకటన చేయగా రచయితలు పలువురు కోపించి దూరమైరి. ధనమునకును కొఱతపడి, 2025 మార్చి 31న మూసివేయుచున్నట్లు తెలిపిరి. యంత్రము సంగతిలో నాకు సందేహము లేదు. మన నోము మఱియొకరిచేత చేయించుకొన్న ఫలమెవరికి? ఏడు పుటలు అరనిమిషములో యంత్రము నింపగలదు. ఆ గంటన్నర వసారాలో కూర్చుండుట మాత్రము దానివలన కాదు, మనకు కావలసినది అదియే. సంస్థ పోయినను పద్ధతికి చందా లేదు, అనుమతి యక్కఱలేదు. నలుగురు స్త్రీలు, నాలుగు నోటుపుస్తకములు, గోడగడియారమొకటి, ఇంతే సామగ్రి.

జ్వరము వచ్చిన దినము, బిడ్డ పడిపోయిన దినము పుటలు సాగవు. మఱునాడు రెట్టింపు వ్రాయబోయి విసిగి మానివేయుటకంటె, మిగిలిన దినములకు ఒక్కొక్క పుట చొప్పున పంచుకొనుడు. నెల కడపట నూట యిరువది పుటలే యైనను అవి మీ నూట యిరువది పుటలు. ఆరంభమున అవియు లేవు. ముగిసిన పుస్తకమును వెంటనే చదువవలదు. శ్రావణము వచ్చును, వరలక్ష్మీ వ్రతము, మంగళగౌరి నోములు, పేరంటములు, తీరిక యెట్లును ఉండదు. పుస్తకమును గుడ్డలో చుట్టి పెట్టెలో నుంచుడు. వినాయకచవితి పందిరి విప్పిన తరువాత తీసి, ఎఱ్ఱసిరా కలము దగ్గర పెట్టుకొని, మొదటి పుటనుండి చదువుడు.