మీకు తెలుసా? గంట కొట్టడానికి ఇంత హంగామా!

గోళీ దొర్లి చెంచాను తడుతుంది, చెంచా పేకముక్కల వరసను కూలుస్తుంది, ఆఖరి ముక్క పడి గంట గణగణమంటుంది. చేత్తో కొడితే సరిపోయేదానికి ఇంత తతంగం! అమెరికాలో ఇలాంటి యంత్రాలకు హైస్కూలు జట్ల పోటీలే ఉన్నాయి, రూబ్ గోల్డ్‌బర్గ్ పేరు మీద. ఇంజినీరింగ్ చదివి, శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో నీళ్లు, మురుగు కాలువల శాఖలో కొన్నాళ్లు పనిచేసి, విసుగెత్తి, ఇలాంటి యంత్రాల బొమ్మలు గీసే కార్టూన్లలోకి దూకాడాయన. 1948లో పులిట్జర్ బహుమతి కూడా కొట్టేశాడు. పర్డ్యూ విశ్వవిద్యాలయంలో 1949లో ఆయన పేరిట పుట్టిన పోటీ మధ్యలో ఆగి, 1983లో మళ్లీ లేచింది.

అంత దూరమెందుకు? మన పద్మశాలీలు ఎందరో స్థిరపడ్డ సూరత్‌లో మరమగ్గాలున్నాయి. పోగు తెగితే ఆగే ఏర్పాటున్న మగ్గం దగ్గర నిలబడండి, అక్కడా ఇలాంటి వరసే. పడుగు పోగు తెగగానే దానిమీద వేలాడే సన్నని రేకు జారిపడుతుంది, కరెంటు కలుస్తుంది, మగ్గం ఠక్కున ఆగుతుంది.