కారు లేని కారుషెడ్డు

ఇల్లన్నాక ఏదో ఒకటి పాడవుతూనే వుంటుంది. నిన్న కుళాయి, ఇవాళ తలుపు, రేపు పంకా. ఇంట్లో ఎవరికైనా జలుబు చేస్తే క్షణంలో మిరియాల కషాయం కాచి ఇచ్చే ఇల్లాలు కూడా, కుళాయి కారుతుంటే మాత్రం దానికింద బకెట్టు పెట్టి, మేస్త్రీకి కబురంపి, ఆయన వచ్చేదాకా ఆ టప్ టప్‌మనే చప్పుడు వింటూ కూర్చుంటుంది. కషాయంపాటి వైద్యం కుళాయికీ వున్నదని, అది నేర్చుకోవడానికి ఇంజనీరింగు చదవనక్కరలేదని మనవి చేయడానికే ఈ నాలుగు మాటలు.

నేను చదివింది తెలుగు ఎం.ఏ. కాకినాడలో ఒక కళాశాలలో నన్నయగారినుంచి నేటి కథకులదాకా పాఠాలు చెబుతూ వుంటాను. మా ఇంటి వసారా పక్కన మామగారి కాలంలో కట్టిన కారుషెడ్డు ఒకటి వుంది. వెడల్పు పదడుగులు, పొడవు పద్ధెనిమిది. మామగారి కారు ఏనాడో అమ్ముడుపోయింది. ఆ తరువాత షెడ్డులోకి పాత పరుపులు, కాలు విరిగిన కుర్చీలు, ఎవరూ చదవని పత్రికల కట్టలు చేరాయి. ఒక వేసవి సెలవుల్లో వాటినన్నిటినీ సాగనంపి, పాత టేకు తలుపుకు నాలుగు కాళ్ళు పెట్టించి బల్లగా మార్చాను. గోడకు మేకులు కొట్టి పనిముట్లు తగిలించాను. మావారు గుమ్మంలో నిలబడి అంతా చూసి, "అయితే ఇకనుంచి మనింట్లో మేస్త్రీగారే కాపురం చేస్తారన్నమాట!" అన్నారు. ఆ బిరుదు నాకు నచ్చింది.

మాటలు పుట్టిన చోటు

షెడ్డులో అడుగుపెట్టాక ఒక విశేషం గమనించాను. క్లాసులో మేము కవిత్వాన్ని గురించి చెప్పే మాటలు కొన్ని వడ్రంగి బల్లమీదనుంచి లేచి వచ్చినవే. ఫలానా కవి పద్యాన్ని చిత్రిక పట్టాడంటాం. చిత్రిక అంటే చెక్కను నునుపు చేసే పనిముట్టు. బుద్ధికి సాన పెట్టాలంటాం. సాన మీద నూరితే పదునెక్కేది ముందు ఉలి, ఆ తరువాతే బుద్ధి. 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వాన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటాన్ని ప్రచురించింది. అందులో వున్నవి వ్యవసాయ పదాలు. పని చేసుకు బతికేవారి మాటలకు గ్రంథంలో పీట వేసిన గొప్ప ప్రయత్నమది. అయితే పుస్తకం మాటను కాపాడుతుంది కాని, ఆ మాట వెనుక వున్న పనిని కాపాడవలసింది మన చేతులే.

నా బల్లకు కాళ్ళు అమర్చిన వడ్రంగి మేస్త్రీగారికి డెబ్బై ఏళ్ళు. రెండు చెక్కలు సందు లేకుండా ఎలా కూర్చుంటాయని అడిగితే, "అతకాలంటే కొంత పోవాలమ్మా! ఏదీ పోకుండా ఏదీ అతకదు" అన్నారు. ఉత్వసంధిని ఇంతకంటె సులువుగా చెప్పడం నాకైతే చేతకాదు.

కుళాయి

రిపేరు అంటే పనిముట్టు పట్టుకోవడం కాదు, ముందు కారణం పట్టుకోవడం. వైద్యుడు నాడి చూసినట్లు చూడాలి. కుళాయినే తీసుకోండి. సెకనుకొక చుక్క పడుతున్నదంటే రోజుకు 86,400 చుక్కలు. నాలుగు చుక్కలకు ఒక మిల్లీలీటరు చొప్పున లెక్క వేసినా ఇరవై లీటర్ల పైమాట. పెద్ద బకెట్టెడు నీళ్ళు!

చాలాసార్లు దీనికంతటికీ కారణం లోపల అరిగిపోయిన చిన్న రబ్బరు వాషరు. ముందుగా ఆ గొట్టానికి నీళ్ళు వచ్చే వాల్వు కట్టేయాలి. కుళాయి తిప్పి, మిగిలిన నీళ్ళు పోనివ్వాలి. పానాతో పై భాగం విప్పితే అడుగున వాషరు కనిపిస్తుంది. అదే కొలత వాషరు వేసి తిరిగి బిగించడమే. బిగింపు మరీ ఎక్కువైతే కొత్త వాషరు కూడా తొందరగా నలిగిపోతుంది. కొత్త రకం కుళాయిలు కొన్ని పావు చుట్టు తిప్పితేనే తెరుచుకుంటాయి. వాటిలో రబ్బరు వాషరుకు బదులు పింగాణీ బిళ్ళలుంటాయి. అవి అరిగితే లోపలి భాగం మొత్తంగా మార్చాలి. పాతదాన్ని కొట్టుకు తీసుకువెళ్ళి, దానికి సరిజోడు తెచ్చుకోవడం మంచిది.

తలుపు

శ్రావణమాసం వచ్చేసరికి మా వీధిలో సగం ఇళ్ళ తలుపులు బిగుసుకుంటాయి. కర్ర తేమను పీల్చి ఉబ్బుతుంది. అదైనా పొడవున కాదు, అడ్డంగా. అందుకే తలుపు ఎత్తు పెరగదు, వెడల్పు పెరుగుతుంది. తలుపు పట్టేసింది కదా అని వెంటనే చిత్రిక వేయించేవారున్నారు. వానల్లో చెక్కించిన తలుపుకు వేసవిలో వేలు దూరేంత సందు వస్తుంది. అప్పుడు దోమలకు వేరే ఆహ్వానపత్రిక అక్కరలేదు.

అంచేత ముందు బందులు చూడాలి. పై బందు మరలు వదులైతే తలుపు ఒరిగి, కింద నేలకు రాసుకుంటుంది. ఆ జబ్బుకు చిత్రికతో పని లేదు. మర తీసి, ఆ రంధ్రంలో జిగురు పూసిన సన్నని కర్రపుల్లలు దిగగొట్టి, ఆరాక మళ్ళీ మర బిగిస్తే తలుపు లేచి నిలబడుతుంది. బందులు బాగానే వుండి, ఇంకా పట్టేస్తుంటే, చట్రానికి సుద్ద రాసి తలుపు వేసి తీయాలి. సుద్ద అంటినచోటే రాపిడి. అక్కడ మాత్రం గీటుకాగితంతో రుద్దితే చాలు. అన్నిటికంటె ముఖ్యం, తలుపు అడుగు అంచుకూ పై అంచుకూ రంగు వేయించడం. కనబడవు కదా అని వాటిని వదిలేస్తారు. తేమ దొంగలాగా ప్రవేశించేది అక్కడినుంచే.

మా వూళ్ళో సముద్రపు గాలి మరొక శత్రువు. ఇనుముకు నీరు, గాలి సోకితే తుప్పు పడుతుంది. ఆ నీటికి ఉప్పు తోడైతే తుప్పు ఇంకా వేగిరం పడుతుంది. పని అయ్యాక ప్రతి పనిముట్టునూ పొడిగుడ్డతో తుడిచి, రెండు చుక్కలు మిషను నూనె రాసి గోడకు తగిలించడం నాకు సంధ్యవార్చినంత నియమం.

పంకా

పంకా రెగ్యులేటరు ఐదులో పెట్టినా నత్తలాగా తిరుగుతుంటే దానికి వయసు మళ్ళిందని కొత్తది కొనేస్తున్నారు. మామూలు పంకా అయితే ముందు అనుమానించవలసింది పైన గిన్నె మూతలో వుండే కెపాసిటరును. అది నీరసపడితే పంకా నెమ్మదిస్తుంది. పూర్తిగా పోతే పంకా మూలుగుతుంది కాని కదలదు. చాలా పంకాలలో అది 2.5 మైక్రోఫారడ్లది. పాతదానిమీద ఏ అంకె వుంటే కొత్తదానిమీదా అదే వుండాలి. ఇంటి మెయిన్ స్విచ్చి ఆపకుండా దాని జోలికి పోకూడదు. ఆపిన తరువాత కూడా కెపాసిటరులో కొంత విద్యుత్తు నిలవ వుండవచ్చు కనుక, తీగ కొసలు చేత్తో ముట్టకూడదు. కొత్తగా వస్తున్న బి.ఎల్.డి.సి. పంకాలది వేరే మర్మం. వాటిని నడిపించేది లోపలి సర్క్యూటు. అది తెలిసినవారికే వదిలిపెట్టాలి.

పీట మీద నిలబడి

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. పక్కింటి పిన్నిగారు ఒకరోజు మాటల్లో, "మా గ్రైండరు ముట్టుకుంటే కొంచెం జిల్లుమంటుందే, అంతే. పీట వేసుకుని నుంచుంటే ఏమీ లేదు" అన్నారు. మూడు నెలలుగా ఆవిడ పీట మీద నిలబడే పిండి రుబ్బుతున్నారట. ఆవిడ మనవడికి ఐదేళ్ళు. వంటింట్లో నాయనమ్మ కొంగు పట్టుకుని తడి నేల మీద తిరుగుతూ వుంటాడు. వాడికి పీట లేదు.

ఆ మాట విన్నాక నాకు కూర్చోబుద్ధి కాలేదు. వెంటనే వెళ్ళి ప్లగ్గు పీకేసి, షెడ్డుకు తెచ్చి విప్పాను. మూడు పిన్నుల ప్లగ్గులో లావుగా, పొడుగ్గా వుండేది ఎర్తు పిన్ను. మిగతా రెంటికంటె ముందుగా తగిలి, చివరగా వదలడానికే దాన్ని పొడుగ్గా చేస్తారు. దానికి కలపవలసిన ఆకుపచ్చ తీగను ఎవరో కత్తిరించి వెనక్కి మడిచారు. అడిగితే, అది కలిపివుంటే ఫ్యూజు పోతున్నదని వెనుక ఒక రిపేరతను అలా చేశాడని తెలిసింది. జబ్బు చెప్పే నోరు నొక్కేశాడన్నమాట! లోపల తీగ పొర చెడి, విద్యుత్తు గ్రైండరు ఒంటికి పాకుతున్నది. ఎర్తు తీగ వుంటే అది భూమిలోకి పోయి, ఫ్యూజు ఎగిరి, ప్రమాదం బయటపడుతుంది. తీగ లేకపోతే అది మనిషి గుండా దారి వెతుక్కుంటుంది.

అక్కడితో నా పని అయిపోయింది. మిగిలింది లైసెన్సున్న ఎలక్ట్రీషియను పని. ఆయన గ్రైండరు తీగలు మార్చారు. గోడ సాకెట్టు విప్పి చూస్తే అక్కడ కూడా ఎర్తు రంధ్రం వెనుక ఏ తీగా లేదు. పెరట్లో కొత్తగా ఎర్తు పాతించి, బోర్డులో ఆర్.సి.సి.బి. అనే సాధనం పెట్టించారు. ఇది చేసే పని చిత్రమైనది. ఒక తీగలో వెళ్ళిన విద్యుత్తు రెండో తీగలో అంతా తిరిగి వచ్చిందా లేదా అని అనుక్షణం లెక్క చూసుకుంటుంది. ఇళ్ళలో పెట్టేదానికి 30 మిల్లీయాంపియర్ల తేడా వస్తే చాలు, రెప్పపాటులో సరఫరా ఆపేస్తుంది. మామూలు పంకా వాడుకునేదానిలో అది సుమారు పదోవంతు. ఎం.సి.బి. వుంది కదా, ఇది ఎందుకని పిన్నిగారి అబ్బాయి అడిగాడు. ఎం.సి.బి. కాపాడేది తీగలను, ఇది కాపాడేది మనుషులను. దానిమీద పరీక్షించుకునే మీట ఒకటి వుంటుంది. అప్పుడప్పుడూ నొక్కి, అది పడుతున్నదో లేదో చూసుకోవాలి.

ఇది చదువుతున్న మీ ఇంట్లో జిల్లుమనే వస్తువు ఏదైనా వుంటే, దయచేసి వారం ముగిసేదాకా ఆగకండి. ఇప్పుడే దాని ప్లగ్గు పీకేయండి.

ముట్టరానివి

చేయగలిగిన పని ఏదో తెలియడం ఎంత ముఖ్యమో, చేయకూడనిది తెలియడం అంతకంటె ముఖ్యం. ప్రెషరు కుక్కరు సేఫ్టీవాల్వు వేడి మితిమీరితే కరిగి ఆవిరిని వదలడానికి పెట్టినది. అది పోతే అదే కంపెనీది కొని మార్చుకోవాలే కాని, మరొకటేదో కుక్కి మూయకూడదు. గ్యాసు గొట్టానికి గడువు ముద్రించి వుంటుంది. గడువు దాటినదాన్ని మార్చాలే కాని, అతుకు వేయకూడదు. మైక్రోవేవ్ ఓవెన్ ప్లగ్గు తీసిన తరువాత కూడా లోపలి కెపాసిటరులో ప్రాణం తీసేంత విద్యుత్తు నిలవ వుండగలదు. దాని మూత మీరు విప్పవద్దు, నేనూ విప్పను.

మనం విప్పకూడనివి కొన్నయితే, విప్పనీయకుండా తయారు చేస్తున్నవి మరికొన్ని. మరలకు బదులు జిగురుతో అంటించేసిన ఫోన్లు, విడి భాగాలు దొరకని మిక్సీలు చూస్తూనే వున్నాం. మన కేంద్ర ప్రభుత్వ వినియోగదారుల వ్యవహారాల శాఖ రిపేరు హక్కును గురించి 2022 జూలైలో ఒక కమిటీని వేసి, ఆ డిసెంబరులో ఒక వెబ్‌సైటు ప్రారంభించింది. ఐరోపా సమాఖ్య 2024లో దీనికి చట్టమే చేసింది. హక్కు రావడం మంచిదే. కాని వాడుకునే చేతులు కూడా వుండాలి గదా!

అందుకే ఆదివారాలు మా షెడ్డుకు నలుగురైదుగురు విద్యార్థినులు వస్తారు. "ఆడపిల్లకు సుత్తి ఎందుకండీ?" అని ఒక తల్లి అడిగింది. "రేపు దాని ఇంట్లో గ్రైండరు జిల్లుమంటే, ఎందుకని అడగడానికి" అన్నాను. మరుసటి ఆదివారం ఆవిడ తనే వచ్చి, వదులైన మూకుడు పిడి ఒకటి బల్లమీద పెట్టి, "దీనికి ఏ పానా కావాలి?" అంది.

మీకు షెడ్డు లేకపోయినా దిగులు లేదు. ఒక సొరుగు చాలు. రెండు సైజుల స్క్రూడ్రైవర్లు, వాటిలోనే ఒక టెస్టరు, కటింగ్ ప్లేయరు, బిగించుకునే పానా, సుత్తి, కొలతటేపు, గీటుకాగితం, మిషను నూనె సీసా. మొదటి ఆదివారం కుళాయితో మొదలుపెట్టండి. వాషర్లు మాత్రం రెండు కొనండి. ఒకటి కుళాయికి, ఒకటి సొరుగుకు.