దువ్వని తోట

ఆంగ్లభాషయందు 'అన్‌కెంప్ట్' అను విశేషణమొకటి కలదు. కలుపు పెరిగి, తీగెలు ఒకదానినొకటి పెనవైచుకొని, నడచుటకు త్రోవ కానరాని పెరటితోటను ఆ భాషవారు ఈ మాటతో వర్ణింతురు. మొన్న మా చెల్లెలి కూతురు పాఠములో దీనిని జూచి "పెద్దమ్మా, దీనికి తెలుగేమి?" అని యడిగినది. 'పాడుపడిన' అని చెప్పితిని గాని, ఆ సమాధానము నాకే తృప్తిగా లేక నిఘంటువు తెఱచితిని.

సోదరీమణులారా! ఈ మాట తోటలో పుట్టినది కాదు, అద్దము ముందఱ పుట్టినది. ప్రాచీనాంగ్లమున 'కెంబన్' అనగా దువ్వుట. దువ్వెనకు ఆంగ్లేయులిడిన 'కోమ్' అను పేరును ఆ కుదురులోనిదే. కావున 'అన్‌కెంప్ట్' అనగా దువ్వనిది అని యర్థము. మొదట తలవెండ్రుకలకు చెల్లిన ఈ మాటను స్పెన్సరు అను కవి 1579లోనే నునుపు లేని పద్యములకు వాడెను. ఇండ్లకును తోటలకును అది చాలకాలమునకు గాని ప్రాకలేదు. సంస్కృతమున దంతమునకు 'జంభము' అను పేరు గలదు. ఆ జంభమును, ఈ 'కోమ్' అను మాటయు ఒక్క మూలమునుండి వచ్చినవని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. దువ్వెనకు పండ్లుండుట మన మెఱుగనిదా!

అడవికి ఈ మాట అంతగా నప్పదు. దువ్వవలసిన చేయి యొకటి యుండి, అది రాకపోయినప్పుడే ఇది సరిగా పొసగును.

మన రైతులు ఈ విషయమున ఆంగ్లేయులకంటె ఒక యడుగు ముందే యున్నారు. వరికి పొలమందుము గాని, చెఱకునకు తోట యందుము. ఆ తోటకు జడలు గూడ వేయుదుము! చెఱకు నిలువెత్తు ఎదిగిన పిమ్మట అడుగున ఎండిన యాకులను పురివెట్టి, నాలుగైదు గడలను చేర్చి కట్టుటకు 'జడచుట్టు' అని పేరు. అది లేనియెడల గాలివానకు తోట పడిపోవును, పడిన గడకు కణుపులయొద్ద వేళ్లు పుట్టును, ఎలుకలు కొఱుకును, తీపి తగ్గును. చెఱకాకు అంచు కత్తివంటిది. ఈ పని చేసిన చేతులపై గీతలు చాలదినములు నిలుచును.

మంజీరపై 1923లో మొదలిడి 1931లో ముగించిన నిజాంసాగరపు నీటితో బోధను చుట్టుప్రక్కల ఇట్టి తోటలు విస్తరించినవి. 1937లో అచ్చట నిజాం చక్కెర కర్మాగారము స్థాపింపబడగా, దాని చుట్టును శక్కర్‌నగరము వెలసినది. శక్కరన్నను, ఆంగ్లేయుల 'షుగర్' అన్నను మన శర్కరయే! ఆ కర్మాగారము 2002లో ప్రైవేటు భాగస్వామ్యములోనికి పోయి, 2015లో మూతపడినది.

ఆ పిమ్మట నొకమారు నేనా వీధులలో నడచితిని. నివాసముల ముందఱి మల్లెపొదలను వయ్యారిభామ క్రమ్మియుండెను. (ఆ పాడు కలుపునకు అంత సొగసైన పేరెవ్వరు పెట్టిరో!) గోడలవెంట సర్కారుతుమ్మ లేచినది. నాతో వచ్చిన బంధువు "ఎంత యశ్రద్ధ!" అనినది. నాకామాట రుచింపలేదు. మన యిండ్లలో మైలదినములందు తల దువ్వుకొనని స్త్రీని అశ్రద్ధగలదానినందుమా? వేణీసంహార నాటకమున ద్రౌపది జడ ముడువకుండుట సోమరితనమా? జీతము నిలిచి, ఇల్లు విడిచి పోయిన గృహిణి ఆ మల్లెకు నీరెట్లు పోయగలదు? ఆ తోటలు పాడుపడినవి కావు, దువ్వు చేతులు దూరమైనవి.

ఇదంతయు చెప్పగా మా చిన్నది తన పుస్తకములో 'పాడుపడిన' అను మాటను కొట్టివైచి, 'దువ్వని' అని వ్రాసికొనినది. పిదప దువ్వెన దెచ్చి నా ముందఱ గూర్చుండినది.