ఉదజని యెట్లు లభించును?

సాయంకాలమున పంజాగుట్ట కూడలియందు నిలిచిన వారికి వాహనముల పొగ యెట్టిదో చెప్ప నక్కఱలేదు. అచ్చటినుండి అమీర్‌పేటకు త్రోవ కొలదియే యైనను, బస్సులును, ఆటోలును, మోటారు సైకిళ్లును క్రిక్కిరిసి యుండును. ఈ బండ్లు పొగకు మాఱుగా నీటియావిరినే విడుచునేని యెంత మేలు! ఫ్యూయెల్ సెల్లు అనెడి యింధనఘటము అట్టి సాధనమే. దానియందు హైడ్రోజనని పిలువబడు ఉదజనియు, గాలిలోని ఆమ్లజనియు గలిసి నీరగును. ఆ కలయికయందు విద్యుత్తు పుట్టి బండిని నడపును. ఆ ఉదజని యెట్లు లభించునో మా విద్యార్థులకు దెలియుటకై యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఉదజని విడిగా విరివిగా దొరకదు. నీటియందును సహజవాయువునందును ఇతర ధాతువులతో గూడియుండును. నేడు లోకమున దానిని సహజవాయువునుండియే యధికముగా దీయుచున్నారు. 2021లో ఉత్పత్తి నారంభించిన రామగుండము ఎరువుల కర్మాగారమునకు వలయు ఉదజనియు నిట్టిదే.

ఇట్టి కర్మాగారములలో సహజవాయువును నీటియావిరితో గలిపి, నికెలు గల బిళ్లలతో నింపిన గొట్టముల గుండ బంపుదురు. రియాక్టరు అనబడు నీ గొట్టములను సుమారు 800 సెంటిగ్రేడు డిగ్రీలవఱకు వేడిచేయుదురు. పెండ్లి కుదిర్చి ప్రక్కకు దొలగు పెద్దవలె, నికెలు తాను వ్యయపడకయే మార్పును త్వరపెట్టును. కావుననే దానికి ఉత్ప్రేరకమని పేరు.

ఉదజనితోబాటు కార్బన్ మోనాక్సైడను విషవాయువును బుట్టును. ఇంధనఘటములోని ప్లాటినమునకును అది విషమే. పది లక్షల పాళ్లలో కొన్ని పాళ్లున్నను ప్లాటినము నంటుకొని ఉదజనికి జోటీయదు. అందుచే ఇనుము, రాగి మొదలగు ఉత్ప్రేరకములుగల మఱియొక రియాక్టరులో దానిని నీటియావిరితో గలిపి బొగ్గుపులుసు గాలిగా మార్చి, పిమ్మట ఉదజనిని శుద్ధిచేయుదురు. మన నగరమున 1944లో నెలకొల్పబడి, నేడు తార్నాకయందున్న భారతీయ రసాయన సాంకేతిక సంస్థ ఉత్ప్రేరకములపై బరిశోధన చేయుచున్నది.

ఇక లెక్క చూడుడు. 16 కిలోగ్రాముల మీథేనునుండి మిక్కిలిగా 8 కిలోగ్రాముల ఉదజని లభించును. దానితో 44 కిలోగ్రాముల బొగ్గుపులుసు గాలి పుట్టును. కొలిమిలో గాల్చు ఇంధనమువలన గలుగునది దీనికి మీదిది. పంజాగుట్ట గాలి శుభ్రపడినను, భూమిని వేడెక్కించు వాయువు వేఱొకచోట వెలువడుచునే యుండును.

రెండవ మార్గము, విద్యుత్తుచే నీటిని విడదీయుట. 9 కిలోగ్రాముల నీటినుండి 1 కిలోగ్రాము ఉదజని వచ్చును. ఆ విద్యుత్తు సూర్యునినుండియో గాలినుండియో లభించిననే ఫలము పూర్ణము. ఇందులకై అనకాపల్లి జిల్లా పూడిమడకయందు 2025 జనవరిలో నొక కేంద్రమునకు శంకుస్థాపన జరిగెను.

కావున బాలబాలికలారా, పొగలేని బండిని జూచి సంతసింపుడు. కాని దాని యింధన మెచ్చట, ఎట్లు పుట్టినదో యడుగుట మఱువకుడు.