ఎఫెసులో పౌలు ముట్టని విగ్రహం

అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయంలో ఎఫెసు జనం రెండు గంటలపాటు అర్తెమి పేరున కేకలు వేశారని చదువుతాం. ఆ కేకల వెనుక ఉన్న గుడి గురించి తెలిస్తే ఆ అధ్యాయం మనకు మరింత బాగా అర్థమవుతుంది.

ఎఫెసు శిథిలాలు నేటి టర్కీలో, సెల్చుక్ పట్టణం పక్కన ఉన్నాయి. అక్కడి అర్తెమి ఆలయం ప్రాచీన ప్రపంచపు ఏడు వింతల్లో ఒకటి. క్రీ.పూ. 356లో తగలబడితే మళ్లీ కట్టారు. దానికి 127 స్తంభాలు ఉండేవని రోమా రచయిత ప్లినీ రాశాడు. అది పూజాస్థలమే కాదు, దూరప్రాంతాలవారు సైతం సొమ్ము దాచుకునే ఖజానా కూడా.

మూల విగ్రహం కొయ్యది. అది ఆకాశం నుండి పడిందని అక్కడివారి నమ్మకం. ఆ సందర్భంలో మన తెలుగు బైబిలు ‘ద్యుపతి’ అన్నది గ్రీకుల జ్యూస్ దేవుణ్ణే. ఆ విగ్రహం ఇప్పుడు లేదు. దాని పోలికలో రోమీయుల కాలంలో చెక్కిన పాలరాతి ప్రతిమలు 1956లో నగర సభాభవన శిథిలాల్లో దొరికాయి. ఒంటికి బిగిసిన వస్త్రంపై వరుసలుగా జంతువులు, తేనెటీగలు. ఛాతీ మీద గుత్తులుగా గుండ్రని ఆకారాలు. గ్రీకు కథల్లోని వేటగత్తె అర్తెమిలా ఈమె కనిపించదు.

వెండి గుళ్లు చేయించే కంసాలి దేమేత్రి ముందుగా ఎత్తింది రాబడి మాట. దేవి ఘనత ఆ తర్వాతే వచ్చింది. భక్తికీ లాభానికీ ముడిపడితే ఏది దేనికోసమో చెప్పడం కష్టం. ఈ హెచ్చరిక మన సంఘాలకూ వర్తిస్తుంది.

అయితే మనం తొందరగా దాటిపోయే వచనం ఒకటుంది. జనం ఈడ్చుకొచ్చిన పౌలు సహచరులు గుడి దోచినవారు కారని, దేవతను దూషించలేదని సాక్ష్యమిచ్చింది ఎఫెసు కరణమే. చేతులతో చేసినవి దేవతలు కావని పౌలు దాపరికం లేకుండా బోధించాడు. రెండేళ్లకు పైగా అక్కడే ఉన్నాడు. కానీ ఒక్క విగ్రహాన్నైనా పడగొట్టాడని లూకా రాయలేదు.

శతాబ్దాల తర్వాత, క్రైస్తవులకు రాజ్యబలం దొరికాక, దేమెయస్ అనే విశ్వాసి అర్తెమి బొమ్మను తీసివేసి సిలువ నిలిపానని రాతిమీద చెక్కించుకున్నాడు. ఆ శాసనం కూడా ఎఫెసులోనే దొరికింది.

గుడి ఉన్నచోట ఇప్పుడు ముక్కలు పేర్చి నిలబెట్టిన ఒక్క స్తంభమే కనిపిస్తుంది. ఇతర మతాలవారి మధ్య బతికే మనకు పౌలు, దేమెయస్ ఇద్దరూ కనబడుతున్నారు. మనం ఎవరి దారిలో ఉన్నాం? ఆ కరణం ఇచ్చిన సాక్ష్యం మన పొరుగువారు మన గురించి ఇవ్వగలరా?